పడ్డ చెట్టుకు ఇంటిచెయ్యి

మాఘమాసంలో ఒక గురువారం పొద్దున బుగ్గారం శివారులో ఒక యంత్రం తాటిచెట్టు ఎక్కింది. ముప్పై అడుగుల ఎత్తు, ఎక్కడా జారకుండా, ఎవరినీ భయపెట్టకుండా ఎక్కింది. పైకి చేరాక కత్తి ఉన్న చెయ్యి చాపి, గెలకు మూరెడు ఎడంగా ఉన్న గాలిని ఏడుసార్లు పలుచగా, చాలా నేర్పుగా గీసింది. గీసిన గాలికి కల్లు పట్టే లొట్టి తగిలించింది. పని పూర్తయినట్టు పచ్చదీపం వెలిగించి, వచ్చిన దారినే దిగడం మొదలుపెట్టింది. లొట్టి దానికన్నా ముందే దిగింది. వినోద్ మోటారుసైకిల్ సీటు మీద దిగింది.

కింద నిలబడ్డ పదకొండు మంది గీతకార్మికుల్లో ఒక్కరూ నవ్వలేదు. వాళ్లలో ఒకడైన వినోద్ తన సీటు చిరుగును అరచేత్తో కప్పాడు. మూడు రోజుల కిందట, సోమవారం నాడు, అదే చెట్టు మీది నుంచి భూమయ్య పడ్డాడు. యంత్రం తయారుచేసింది ఆయన కూతురు వనిత. ఆమె లొట్టి పెంకులు ఏరుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, యంత్రంతో మాత్రం "మెల్లగ దిగుండ్రి" అన్నది.

వనితకు యంత్రాలను మర్యాదగా పిలిచే అలవాటు ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది, ఎంత ప్రయత్నించినా పోలేదు. ఎవరైనా వింటే సిగ్గుపడి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఆ రోజూ అలాగే పెట్టుకుంది. చేతిలో ఉన్నది ఫోన్ కాదు, లొట్టి పెంకు. దాన్ని చెవికి ఆనించుకుని అంతమంది మధ్య కాసేపు అలా నిలబడిపోయింది. అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు కొంత బాగుండేది.

వనితకు ముప్పై తొమ్మిదేళ్లు. కల్లుగీసే ఇంట్లో ఒక్కతే సంతానం. కోరుట్లలో డిప్లొమా చదివి, పదేళ్లు టీవీలు బాగుచేసింది. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక, పొలాలకు మందు కొట్టే డ్రోన్లను బాగుచేయడం నేర్చుకుంది. జగిత్యాలలో ఒక షట్టరు అద్దెకు తీసుకుని, దాని మీద తన పేరు రాయించింది. రాసిన పెద్దాయన పేరులో ఒక అక్షరం ఎగరగొట్టి, తప్పు దిద్దడానికి పైన బాణం గుర్తు వేసి ఇరికించాడు. మార్పించుకోమని అందరూ చెప్పారు. పెద్దాయన చేతులు వణుకుతున్నాయి, మళ్లీ నిచ్చెన ఎక్కించడం ఎందుకులే అని ఊరుకుంది. మనుషులను ఎత్తుల మీదికి ఎక్కించడం ఆమెకు మొదటి నుంచీ ఇష్టం ఉండదు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం భూమయ్య చెట్టు దిగి, మోకాళ్లు పట్టుకుని చాలాసేపు గట్టు మీద కూర్చుండిపోయాడు. అది చూసి వనిత మాట ఇచ్చింది. ఇంకొక్క ఏడు ఎక్కు నాయినా, వచ్చే ఏటికి యంత్రం ఎక్కుతది, నువ్వు కింద కూసొని గీపిస్తవు అన్నది. ఆ వచ్చే ఏడు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ భూమయ్యే ఎక్కాడు. పైగా కల్లు అమ్మే మండువలో తాగేవాళ్లకు, నా బిడ్డ చెట్టెక్కే మిషిని చేస్తున్నది, జర టైం పడ్తది అని తనే సర్ది చెప్పేవాడు.

ఆ ఊరి గీతకార్మికుల్లో ఒక కట్టుబాటు ఉంది. మనిషి పడ్డ చెట్టును ఆ ఏడు ఇంకొకరు ముట్టరు. పడ్డవాడే లేచి ఎక్కాలి, లేదా ఆ ఇంటివాళ్లు ఎక్కాలి. భూమయ్య గీసే మిగతా పద్నాలుగు చెట్లను తోటివాళ్లు ఎవరూ అడగకుండానే వంతులు వేసుకున్నారు. మంగళవారం పొద్దుటికే వాటి కల్లు ఆయన భార్య వజ్రమ్మ గడపలోకి వచ్చింది. కానీ ఆయన పడ్డ తాటిచెట్టును, బావి పక్కనిది కాబట్టి అందరూ బాయికాడి తాడు అని పిలిచేదాన్ని, ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

తాటిగెలను పూటపూటకూ గీస్తూ ఉండాలి. గీత ఆగితే గాయం మానినట్టు మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత గీసినా ఆ ఏటికి చుక్క రాదు. భూమయ్య లెక్క ప్రకారం బాయికాడి తాడు మంచి ఓపిక ఉన్న చెట్టు. వారం, మహా అయితే పది రోజులు ఆగుతుంది.

జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరు ఆయనకు నడుము కింది నుంచి ఇక కదలిక ఉండదని చెప్పాడు. భూమయ్య శ్రద్ధగా విన్నాడు. విని, మీరు కల్లు తాగుతారా సారూ అని అడిగాడు. తాగనన్నాడు డాక్టరు. అట్లయితే ఈయనకు చెప్పి లాభం లేదనుకున్నాడో ఏమో, మొహం కూతురి వైపు తిప్పుకున్నాడు.

"చెట్టు నన్ను పడగొట్టలె బిడ్డ. నేనే జారిన. దాన్ని ఎండవెట్టకుండ్రి."

ఆయన భయం ఏమిటో వనితకు తెలుసు. కల్లు పారని చెట్టును చేను ఆసామి ఉంచడు. పైగా మనిషిని పడేసిన చెట్టు అని పేరు పడితే కొట్టేయడానికి సాకు కూడా అక్కర్లేదు. అది భూమయ్య తండ్రి మొదట ఎక్కిన చెట్టు. భూమయ్య పన్నెండో ఏట నడుముకు మోకు కట్టి గీత నేర్చుకున్న చెట్టు. కాళ్లు పోయిన సంగతి ఆయన రెండోసారి మాట్లాడలేదు. చెట్టు సంగతి మాత్రం పూటపూటా అడిగాడు.

ఆడవాళ్లు చెట్టెక్కరు. ఇంట్లో మగపిల్లలు లేరు. అల్లుడు సాగర్‌కు ఫోన్ల దుకాణంలో స్టూలు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. కాబట్టి మిగిలింది యంత్రం. యంత్రం ఎక్కవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, గీతకార్మికుల్లో పెద్దవాడైన నర్సింగం కాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు.

"మిషిని ఎవలది? వనితది. వనిత ఎవలది? భూమన్న బిడ్డ. గట్లైతె అది ఇంటిచెయ్యే."

ఆ ఇంటిచెయ్యి గురువారం పొద్దున పదకొండు మంది ముందు గాలిని గీసింది.

ఎందుకు గీసిందో వనితకు అప్పుడే తెలుసు. అదే ఆమెను కాల్చుతున్నది.

యంత్రానికి మూడు భాగాలు ఉన్నాయి. చెట్టును కావలించుకునే కాళ్లు, గెలను చూసే కెమెరా, కత్తి పట్టిన చెయ్యి. ప్రతి భాగం తను ఎక్కడున్నదో ఆపకుండా చెబుతూ ఉంటుంది. ఆ మాటలన్నీ విని, కెమెరాకు కనబడిన గెల చేతికి ఎంత దూరంలో, ఏ పక్కన ఉన్నదో లెక్క కట్టి చెప్పే ముక్క ఒకటి ప్రోగ్రాంలో ఉంటుంది. ఆ పనివాళ్లు దాన్ని లిజనర్ అంటారు. భూమయ్య కొత్తవాళ్లకు చెట్టు గుర్తు చెప్పే తీరూ ఇదే. బాయి నుంచి మూడో చెట్టు, దానికి పొద్దుపొడుపు దిక్కున వంగినది, దాని పక్కది అంటాడు. బాయి ఎక్కడున్నదో తెలియనివాడికి మిగతాదంతా తెలిసినా చెట్టు దొరకదు.

మొదట వనిత మూడు భాగాలకూ మూడు లిజనర్లు పెట్టింది. యంత్రంలో ఉన్నది అరచేతిలో పట్టే కంప్యూటరు. ముగ్గురి లెక్కలూ మొయ్యలేక అది ఆయాసపడింది. సరే, ఒక్కటే పెట్టి ముగ్గురికీ పంచుదామనుకుని, దాన్ని ప్రోగ్రాంలో అన్నిటికన్నా పైన, అందరికీ కనబడేట్టు రాసింది. ఆ రోజు నుంచి మీట నొక్కగానే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించి మొత్తం ఆగిపోయేది. రెండు రోజులు కూర్చుని చూడవలసిన పని అది. కానీ షట్టరు ముందు రైతుల డ్రోన్లు వరుసగా ఉన్నాయి. గీత మొదలయ్యేలోపు చూద్దాంలే అనుకుని రెండు వాక్యాలు అడ్డంగా రాసింది. తప్పు వస్తే పట్టించుకోకు. దూరం తెలియకపోతే సున్నా అనుకో. ఎర్ర అక్షరాలు పోయాయి. ఆమె కూడా మర్చిపోయింది.

యంత్రం అదే చేసింది. దూరం తెలియలేదు, సున్నా అనుకుంది, గాలిని గీసింది. అది ఒక్కటే అయితే సిగ్గుతో పోయేది. ఆ రెండు రోజులు అప్పుడే కూర్చుని ఉంటే సోమవారం నాడు చెట్టెక్కేది భూమయ్య కాదు. ఈ మాట వనిత ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున తల్లి వజ్రమ్మను ఆసుపత్రిలో ఉంచి, వనిత లాప్‌టాప్ పట్టుకుని సిరిసిల్ల బస్సెక్కింది. సిరిసిల్లలో సుధ ఉంది. కోరుట్లలో ఒకే బెంచి మీద చదివినవాళ్లు. సుధ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది సాంచలు నడుస్తాయి. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. తెగిన దారాన్ని కెమెరాతో పట్టే ప్రోగ్రాం ఒకటి రాసి వాటికి పెట్టుకుంది సుధ. సాంచల చప్పుడులోనే ఇద్దరూ కూర్చున్నారు. సుధ చదువుతూ, మధ్యలో సున్నా వాక్యం దగ్గర ఆగి, వనిత మొహం చూసింది. తిట్టబోయి మానుకుంది. తిట్టే మొహం కాదది.

"గీ లిజనర్ ఎన్నో వరుసల పుడుతున్నది?"

"ఆరో వరుసల."

"ప్రోగ్రాం లేచేది?"

"నూట పద్దెనిమిదిల."

సుధ ఆమెను చెయ్యి పట్టుకుని మూలన ఖాళీగా ఉన్న సాంచ దగ్గరికి తీసుకుపోయింది. దారం చుట్టిన బీము ఇంకా ఎక్కించలేదు. అడ్డదారం మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడె మాత్రం ఉంది.

"బీము ఎక్కియ్యకముందే మోటరేస్తె ఏమైతదే?"

"నాడె ఉరుకుతది."

"ఉరికి ఏం నేస్తది?"

దారాలు లేని చోట అటూ ఇటూ పరుగెత్తే నాడెనూ, చెట్టు లేని చోట ఏడుసార్లు గీసిన కత్తినీ వనిత మనసు ఒకటి చేసి చూపించింది. ప్రోగ్రాం లేచి కూర్చోకముందే లిజనర్ పుడుతున్నది. వినడానికి ఇంకా ఎవరూ లేరు. పుట్టుకలోనే చెడిపోతున్నది. ముందు ప్రోగ్రాం లేవాలి, తర్వాత లిజనర్ పుట్టాలి, ఆ ఒక్కదాన్నే ముగ్గురికీ చేతికందియ్యాలి. సున్నా వాక్యాన్ని సుధ అడగకుండానే వనితే కొట్టేసింది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో భూమయ్య అడిగాడు. ఎన్ని దినాలాయె అన్నాడు. నాలుగు అన్నది వనిత. రేపు ఎక్కుతదన్నది.

మరునాడు ఎక్కలేదు. షట్టరు దగ్గర మీట నొక్కగానే యంత్రం లేచింది. కాళ్లు ఒకసారి బిగించింది. కళ్లు మూసి తెరిచేలోపు కూలబడిపోయింది. ఈసారి ఎర్ర అక్షరాలు కూడా లేవు. తిట్టేవాళ్లు తిట్టడం కూడా మానేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది వనితకు. శని, ఆది, సోమవారాలు పోయాయి. ఆమె వరుస వెంట వరుస చదివింది. రైతులు వచ్చి డ్రోన్ల కోసం అడిగి, ఆమె వాలకం చూసి వెళ్లిపోయారు. ఒకాయన మాత్రం ఆమె పక్కన టీ గ్లాసు పెట్టిపోయాడు. ఆమె చూసుకోకుండా గ్లాసుకు కూడా "కూసోండ్రి" అన్నది.

మంగళవారం మధ్యాహ్నం దొరికింది. మొదలుపెట్టే పని చేసే చిన్న ముక్క ఒకటి ప్రోగ్రాంలో ఉంది. లిజనర్‌ను ఆమె ఆ ముక్క లోపల పుట్టించింది. తన పని అయిపోగానే ఆ ముక్క ముగిసింది. దానితో పాటు లోపల పుట్టిన లిజనర్ కూడా పోయింది. ముగ్గురి చేతుల్లో ఉన్నది పోయినవాళ్ల చిరునామా. ఆ చిరునామాకు పోయి తలుపు కొడుతూ కూలిపోతున్నారు. లిజనర్‌ను ప్రోగ్రాం బతికున్నంతసేపూ బతికే చోటుకు మార్చింది. సుధకు ఫోన్ చేసి చెబితే, సాంచల చప్పుడులో ఏం వినబడిందో ఏమో, ఏడ్వకే ఏడ్వకే అన్నది సుధ. అప్పటిదాకా వనిత ఏడవలేదు.

బుధవారం యంత్రాన్ని బాయి దగ్గరికి తీసుకుపోయారు. నర్సింగం వచ్చాడు, వినోద్ వచ్చాడు. వినోద్ బండిని చాలా దూరంగా నిలిపాడు. మీట నొక్కగానే యంత్రం చెట్టును పట్టుకుని, కెమెరా ఎక్కడున్నదో నాకు తెలియదు అని రాసి, మొదట్లోనే ఆగిపోయింది. ఉన్న మాట చెప్పింది పాపం. లేవగానే చెయ్యి మొదటి ప్రశ్న అడిగింది. అప్పటికి కెమెరా ఇంకా కళ్లు తెరవలేదు. ఎవరూ ఏమీ చెప్పకముందే అడిగితే లిజనర్ మాత్రం ఏం చెబుతుంది. ముగ్గురూ ఒక్కసారైనా తమ జాడ చెప్పేదాకా ఎవరూ ఏమీ అడగకూడదని వనిత గురువారం రాసింది. శుక్రవారం, భూమయ్య పడిన పదకొండో నాడు, యంత్రం ఎక్కింది.

ఎక్కి, గెలను గీసింది. గాలిని కాదు, గెలనే గీసింది. పలుచగా, భూమయ్య గీసినట్టే గీసింది. కొత్త లొట్టి కట్టింది. నర్సింగం తలపాగా తీసి భుజాన వేసుకుని కింది నుంచి చూస్తూ, నీ నాయిన చేతి వాటమే అన్నాడు. సాయంత్రం మళ్లీ గీసింది. శనివారం పొద్దున లొట్టి దింపితే అందులో ఎండిన చీమ ఒకటి ఉంది. తడి లేదు. ఆదివారం, సోమవారం కూడా గీశారు. సోమవారం నాడు నర్సింగం గెల ముక్కను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, కింద పడేయకుండా జేబులో పెట్టుకున్నాడు.

"మూసుకున్నది బిడ్డ. నిన్ననో మొన్ననో గాదు, మిషిని ఎక్కకముందే మూసుకున్నది."

మంగళవారం వనిత చేసిన పని ఆమెకు ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గే. వినోద్ గీసే చెట్టు కల్లును ఫ్లాస్కులో పోసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. ఫ్లాస్కు మూత బిగించి కల్లును ఎండలో బస్సులో తీసుకుపోకూడదని గీత ఇంట పుట్టినదానికి తెలియాలి. వార్డు మధ్యలోకి రాగానే మూత ఎగిరి, ఎదురు మంచం మీది ముసలాయన దుప్పటి మీద పడింది. నురగ పొంగింది. వాసన నాలుగు మూలలకూ పోయింది. వజ్రమ్మ కొంగు అడ్డం పెట్టి, రాగిజావ, కడుపుల చల్వకు అన్నది. వార్డు ఊడ్చే సమ్మవ్వ చీపురు ఆపి వాసన పీల్చింది. మా ఇంట్ల గూడ పొద్దుగాల గిదే జావ తాగుతరు అన్నది. అని, భూమయ్య మంచం చుట్టూ తెర లాగి, తెర బయట నిలబడి అంతకుముందే ఊడ్చిన చోటును మళ్లీ ఊడ్చింది.

వనిత గ్లాసులో పోసి తండ్రి తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. బాయికాడిదే నాయినా, మిషిని గీసింది అన్నది.

భూమయ్య ఒక గుక్క తాగాడు. నాలుక మీద ఉంచుకుని కళ్లు మూసుకున్నాడు. నలభై ఎనిమిదేళ్లు ఒకే శివారు చెట్లను గీసినవాడు. చీకట్లో లొట్టి నోటికి పెట్టినా ఏ చెట్టుదో చెప్పగలడు. వనితకు ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన రెండో గుక్క కూడా తాగి, మూతి తుడుచుకోవడానికి కొంగు ఇమ్మన్నట్టు భార్య వైపు చూసి, చాలా మెల్లగా అన్నాడు.

"వినోద్ మంచిగ గీస్తుండు."

తర్వాత, "ఇంకింత పొయ్యి బిడ్డ" అని గ్లాసు ఖాళీ చేశాడు. ఆ రోజు నుంచి ఎన్ని దినాలాయె అని మళ్లీ అడగలేదు.

చెట్టును ఉగాదికి ముందే కొట్టేశారు. ఇంటికి వచ్చిన భూమయ్యకు ఎవరూ చెప్పలేదు. మంచాన్ని కిటికీ దగ్గర వేస్తామంటే వద్దన్నాడు. చూపు అటు పోతదని వద్దన్నాడో, గాలి తగులుతదని వద్దన్నాడో తెలియదు. వీపున పుండ్లు పడ్డాయి. వజ్రమ్మ రోజుకు ఆరుసార్లు పక్కకు తిప్పేది. వనిత జగిత్యాల నుంచి రోజూ వచ్చి, తండ్రి పక్కన యంత్రం ముక్కలు పరుచుకుని మరలు బిగించేది. ఏది ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పేవాడు. కత్తి వాటం ఇంత కాదు, ఇంత అని గాల్లో వేలితో గీసి చూపించేవాడు. యంత్రానికి ఇప్పుడున్న వాటం ఆ వేలిదే. ఆషాఢంలో, వాన పడుతున్న ఒక పగటిపూట, నిద్రలోనే పోయాడు.

కార్తీకంలో మళ్లీ గీత మొదలైంది. మోకాళ్లు అరిగిన నర్సింగం తన చెట్లను యంత్రానికి అప్పజెప్పాడు. మొదటి రోజు వనిత మీట నొక్కింది. యంత్రం చెట్టును కావలించుకుని, కాళ్లు, కెమెరా, చెయ్యి మూడూ తమ జాడ చెప్పుకునేదాకా కదలకుండా నిలబడింది. నిమిషం దాటింది. తలెత్తి చూసీ చూసీ నర్సింగానికి మెడ నొప్పి పుట్టింది.

"ఏంది బిడ్డ గిది, మొదట్ల ఉత్తగ నిలవడ్తది? గింత సేపట్ల మీ నాయిన సగం చెట్టెక్కుతుండె."

వనిత లొట్టికి తాడు కడుతూ, తల ఎత్తకుండా అన్నది.

"నిలవడనియ్యి మామా, ఇగ నాకేం తొందరున్నది."